లెఫ్టినెంట్ జైన్ పరికరం పనిచేసిందా? రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో మునిగిపోయిన మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ గురించి, ఆ ఓడతో పాటు ప్రాణాలు వదిలిన 18 మంది అధికారులలో ఒకరైన, సోనార్ (నీటిలోని జలాంతర్గాములను ధ్వనితో పసిగట్టే పరికరం) మరింత దూరం వినగలిగేలా ఒక మార్పును రూపొందించిన లెఫ్టినెంట్ వి.కె. జైన్ గురించి ఈ లేఖ రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు దాదాపు ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. నౌకాదళంలో ఏనాడూ ఉద్యోగం చేయలేదు, ఖుక్రీ అమరుల కుటుంబాలతో నాకు బంధుత్వమూ లేదు. ధ్వని తరంగాల పాఠంలో సోనార్ గురించి చెప్పకుండా కుదరదు, సోనార్ గురించి చెబుతూ ఖుక్రీని దాటిపోవడానికి నాకు మనసొప్పేది కాదు. ఒక ఏడాది వెనక బెంచీలో కూర్చున్న కుర్రవాడు లేచి, "మరి ఆ లెఫ్టినెంటు గారి పరికరం పనిచేసిందా సార్?" అని అడిగాడు. ఆ తరువాత దాదాపు ఏటా ఎవరో ఒకరు అదే ప్రశ్న వేశారు. జవాబు మీ మంత్రిత్వ శాఖ కాగితాలలో ఉండాలి గనుక, ఆ ప్రశ్నను ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

విశాఖవాసులకు 1971 యుద్ధం ఎక్కడో పడమటి సరిహద్దులో జరిగిన సంగతి కాదు. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ మా రేవు ముఖద్వారానికి దగ్గరలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. ఆ పేలుడుకు ఇళ్ల కిటికీలు అదిరిన సంగతి మా పెద్దలు కథలా చెప్పేవారు. బీచ్ రోడ్డులో ఆ యుద్ధ విజయానికి గుర్తుగా స్మారకస్తంభం ఉంది, దానికి కొద్ది దూరంలోనే ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామి ఉంది. డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం అంటే ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయిదు రోజుల తరువాత వచ్చే 9వ తేదీ మాత్రం కేలెండరులో మామూలు రోజులాగే గడిచిపోతుంది. అవతలి పక్షం ఆ తేదీని మరిచిపోలేదు. ఖుక్రీని ముంచిన హంగోర్ జలాంతర్గామిని వారు కరాచీ ప్రదర్శనశాలలో నిలబెట్టారు, ఏటా డిసెంబరు 9న హంగోర్ దినం జరుపుకుంటారు, చైనా సహకారంతో కట్టుకుంటున్న కొత్త జలాంతర్గాముల తరగతికి కూడా ఆ పేరే పెట్టుకున్నారు. తమ విజయాన్ని తలుచుకోవడం వారి హక్కు, దానితో నాకు తగాదా లేదు. ఒకే రాత్రి 194 మందిని పోగొట్టుకున్న మనం ఆ రాత్రి గురించి ఇంత తక్కువ మాట్లాడుకోవడమే నన్ను బాధిస్తుంది.

మీకు తెలిసిన సంగతే అయినా, ఈ లేఖ చదివే ఇతరుల కోసం క్లుప్తంగా చెబుతాను. 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్‌లో, అంటే ఫ్రిగేట్లనే యుద్ధనౌకల దళంలో, ఖుక్రీ, కృపాణ్, కుఠార్ అనే మూడు ఓడలుండేవి. మూడూ జలాంతర్గాములను వేటాడడానికి బ్రిటన్‌లో కట్టిన చిన్న ఫ్రిగేట్లే. ఖుక్రీ 1958లో మన నౌకాదళంలో చేరింది. యుద్ధం మొదలైన కొద్ది రోజులకే బాయిలర్ గదిలో జరిగిన ప్రమాదంతో కుఠార్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. సౌరాష్ట్ర తీరం దగ్గర శత్రు జలాంతర్గామి తిరుగుతోందని తెలిసి మిగిలిన రెండింటిని బొంబాయి నుంచి వేటకు పంపారు. ఎదుటిపక్షంలో ఉన్న హంగోర్ ఫ్రాన్స్‌లో తయారైన డాఫ్నే తరగతి జలాంతర్గామి. అది అప్పటికి కొత్తది, చప్పుడు చేయనిది, చాలా దూరం నుంచి వినగలిగేది. 9వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు కాస్త ముందు అది కృపాణ్ మీదికి వదిలిన మొదటి టార్పెడో (నీటిలో దూసుకుపోయి పేలే ఆయుధం) పేలలేదు. రెండవది ఖుక్రీని తాకింది. నిమిషాల వ్యవధిలో ఓడ నీటిలోకి వెళ్లిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించగా, మరునాడు 67 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు.

కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్టును ఒక నావికుడికి ఇచ్చి, తాను ఓడను వదలకుండా దానితోనే సముద్రగర్భంలోకి వెళ్లారు. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు. డయ్యూలో కొండ గుట్ట మీద స్మారకం కట్టారు, ముంబయిలో ఒక సభామందిరానికి ఆయన పేరు పెట్టారు. ఇవన్నీ న్యాయంగా జరిగినవే. అయితే ఖుక్రీ అనగానే మన కళ్ల ముందు నిలిచేది ఆ ఒక్క దృశ్యమే కావడం వల్ల, అదే ఓడలో మరొక రకం ధైర్యంతో పనిచేస్తున్న యువ అధికారి చీకటిలో ఉండిపోయారు.

ఆయన పని అర్థం కావడానికి కాస్త భౌతికశాస్త్రం కావాలి. అధ్యాపకుడి అలవాటు, మన్నించండి. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. ఓడ అడుగున ఉన్న సోనార్ ఒక శబ్దాన్ని నీటిలోకి పంపి, ఏదైనా వస్తువుకు తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వని కోసం చెవులు రిక్కిస్తుంది. చెప్పడానికి సులువుగానే ఉంటుంది గాని, సముద్రం ఒకే రకం నీరు కాదు. ఎండకు వేడెక్కిన పైపొర కింద చల్లని పొర ఉంటుంది, ఆ రెంటి మధ్య ధ్వని తిన్నగా పోక చల్లటి వైపుకు వంగిపోతుంది. ఆ వంపు వల్ల ఏర్పడే ధ్వని నీడలో దాక్కున్న జలాంతర్గామి, ఓడకు దగ్గరలోనే ఉన్నా దొరకదు. చలిదేశపు సముద్రాలను దృష్టిలో పెట్టుకుని చేసిన సోనార్లు మన వెచ్చటి నీళ్లలో డీలా పడిపోవడానికి ఇది పెద్ద కారణం. దీనికి తోడు ఓడ సొంత చప్పుడు ఒకటి. ఇంజన్లు, ఓడను ముందుకు తోసే పంకాలు, ఓడ అంచులను ఒరుసుకుంటూ పోయే నీరు కలిసి చేసే రొదలో సన్నటి ప్రతిధ్వని కలిసిపోతుంది. వేగం పెరిగిన కొద్దీ ఆ రొద పెరుగుతుంది. అవతల జలాంతర్గామి తన శబ్దమేదీ పంపనక్కరలేదు. ఊపిరి బిగబట్టి వింటూ కూర్చుంటే ఓడల చప్పుడే దానికి దారి చూపుతుంది. ఆ రాత్రి హంగోర్‌కు ఉన్న మేలు, ఖుక్రీకి లేని మేలు ఇదే.

ఈ లోటును పూడ్చడానికే లెఫ్టినెంట్ జైన్ పూనుకున్నారు. ఉన్న సోనార్ మరికొంత దూరం వినగలిగేలా ఆయన ఒక మార్పును రూపొందించారు, యుద్ధ సమయంలో దాని పరీక్ష ఖుక్రీ మీద జరుగుతోంది. కొత్త సోనార్లు కొనడానికి డబ్బూ, అమ్మే దేశమూ సులువుగా దొరకని కాలమది. చేతిలో ఉన్న పాత పరికరాన్నే తెలివితో సానబెట్టాలని ఒక కుర్ర ఇంజనీరు అనుకోవడం, ఆ ఆలోచనను బల్ల మీద వదిలేయకుండా శత్రువు తిరుగుతున్న నీళ్లలోకి తానే వెంట తీసుకుపోవడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. తుపాకి పట్టిన చేతికి మనం ఇచ్చే గౌరవం సోల్డరింగ్ కడ్డీ పట్టిన చేతికి కూడా దక్కాలి.

కాని జరిగింది వేరు. ప్రతిధ్వని బాగా వినపడాలంటే ఓడ నెమ్మదిగా పోవాలి గనుక ఖుక్రీ వేగం తగ్గించుకుని తిరిగిందని, ఆ నెమ్మదే జలాంతర్గామికి గురి పెట్టడానికి వీలు కల్పించిందని ఆ యుద్ధం గురించి రాసినవారు చెబుతూ వచ్చారు. అందులో సాంకేతికమైన నిజం ఉంది. వేగంగా, వంకర టింకరగా పోయే ఓడకు గురి పెట్టడం కష్టం, నిదానంగా ఒకే దారిన పోయే ఓడకు సులువు. కాని వేగంగా పోతే ఖుక్రీ సోనార్ చెవిటిదయ్యేదన్నది, ఆ చప్పుడు హంగోర్‌కు మరింత దూరం నుంచే వినపడేదన్నది కూడా అంతే నిజం. తన కంటే దూరం వినగలిగే శత్రువును వెతకబోయిన ఓడకు ఏ దారి పట్టినా ఏదో ఒక ముప్పు తప్పేది కాదు. ఈ రెండవ సగాన్ని చెప్పకుండా మొదటి సగాన్ని మాత్రమే చెప్పుకుంటూ పోతే, క్రమంగా నింద ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. "ఆ ప్రయోగం వల్లే ఓడ పోయింది" అన్న మాట ఒక విశ్రాంత ఉద్యోగి నోట నేను స్వయంగా విన్నాను. ఆయన దురుద్దేశంతో అన్నది కాదు, ఎక్కడో చదివినది అప్పజెప్పారు, అంతే. ఒక లెఫ్టినెంటు తన ఇష్టం వచ్చినట్లు యుద్ధనౌకలో తీగలు కలపలేరు. ఒక పరికరాన్ని ఓడకు ఎక్కించాలంటే అనుమతి కావాలి, యుద్ధరంగంలో దానిని పరీక్షించాలంటే నిర్ణయం కావాలి, వేగం ఎంత ఉండాలో ఆజ్ఞ కావాలి. ఆ అనుమతులు, నిర్ణయాలు, ఆజ్ఞలు అన్నీ కాగితం మీదే ఉంటాయి. తన తరఫున మాట్లాడడానికి ఆయన తిరిగి రాలేదు కనుక ఆ కాగితాలే మాట్లాడాలి.

ఆయన మొదలుపెట్టిన ప్రయత్నం ఆయనతో ముగిసిపోలేదన్నది నాకు గొప్ప ఊరట. ఖుక్రీని పోగొట్టుకున్న తరువాత, ఆ తరం ఓడలలోని 170బి సోనార్‌ను మెరుగుపరిచే బాధ్యతను నౌకాదళం మరొక యువ అధికారికి అప్పగించింది. ఆయన పేరు ఆరోగ్యస్వామి పాల్‌రాజ్. ఐఐటీ ఢిల్లీలో కూర్చుని ఆ సోనార్‌ను తిరగరాసిన ఆయనే తరువాత కొచ్చిలోని నౌకాదళ పరిశోధనశాలలో, భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థతో కలిసి, ఆప్సో అని పిలిచే స్వదేశీ సోనార్ నిర్మాణానికి నాయకత్వం వహించారు. 1980ల ఆరంభంలో ఐఎన్ఎస్ హిమగిరి మీద దాని పరీక్షలు జరిగాయి. ఆ పరంపరలో పుట్టిన హంసా సోనార్లు ఇవాళ మా విశాఖ రేవు నుంచి బయలుదేరే కమోర్తా తరగతి నౌకలలో పనిచేస్తున్నాయి. పాల్‌రాజ్ ఆ తరువాత అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌కు వెళ్లి, ఒకటికి మించిన యాంటెనాలతో సమాచారాన్ని పంపే మైమో పద్ధతికి ఆద్యులై, 2010లో పద్మభూషణ్, 2014లో మార్కొనీ బహుమతి అందుకున్నారు. మన జేబుల్లో ఉన్న ఫోన్లు ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి. నీటిలో అనేక చెవులతో వినడం నేర్చిన మనిషి గాలిలో అనేక యాంటెనాలతో మాట్లాడించారని నా విద్యార్థులకు చెబితే వాళ్ల కళ్లు మెరిసేవి. ఆ మెరుపులో సగం పాలు ఖుక్రీలో ఉండిపోయిన లెఫ్టినెంటుకు కూడా దక్కాలని నాకు అనిపించేది. ఇద్దరూ దాదాపు ఒకే కాలంలో, ఒకే సమస్యతో తలపడిన యువకులు. ఒకరికి ఆ తరువాత అర్ధ శతాబ్దం దొరికింది, మరొకరికి కాలం ఆ రాత్రితో ఆగిపోయింది.

ఇక నా విన్నపం. యుద్ధాల, సైనిక చర్యల చరిత్రల రచనకూ, పాత దస్త్రాల గోప్యత తొలగింపుకూ సంబంధించిన విధానాన్ని మీ మంత్రిత్వ శాఖ 2021 జూన్‌లో ఆమోదించింది. సాధారణంగా 25 ఏళ్లకు దస్త్రాల గోప్యతను తొలగించాలని, అంతకు మించి పాతబడిన వాటిని నిపుణుల చేత పరిశీలింపజేసి, ప్రభుత్వ పాత పత్రాలను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలని అది చెబుతోంది. కార్గిల్ తరువాత సుబ్రహ్మణ్యం కమిటీ, వోహ్రా కమిటీ చేసిన సూచనల నుంచి వచ్చిన ఆ విధానాన్ని అప్పట్లో నేను పత్రికలో చదివి సంతోషించాను. ఖుక్రీ మునిగి 50 ఏళ్లు దాటాయి, అంటే గడువు రెండుసార్లు తీరిపోయింది. ఆ ఓడ నష్టంపై జరిగిన విచారణ పత్రాలను, అంతకంటే ముఖ్యంగా లెఫ్టినెంట్ జైన్ రూపొందించిన సోనార్ మార్పుకు సంబంధించిన ప్రతిపాదన, చిత్రపటాలు, పరీక్షల నమోదులు, అనుమతి ఉత్తరాలను పూర్తిగా, కత్తిరింపులు లేకుండా నేషనల్ ఆర్కైవ్స్‌కు బదిలీ చేయించండి. 1960ల నాటి సోనార్ రహస్యాల వల్ల నేటి దేశ భద్రతకు ముప్పు వస్తుందని ఎవరైనా మీకు చెబితే, ఆ సోనార్లున్న ఓడలు ఎప్పుడో సేవ నుంచి తప్పుకున్నాయన్న సంగతి వారికి గుర్తు చేయండి. ఆ పత్రాలలో పెద్ద అధికారులకు ఇబ్బంది కలిగించే మాటలుండవచ్చు. నా ఉద్దేశం ఎవరినీ బోనులో నిలబెట్టడం కాదు. చిన్న హోదాలో ఉండి చనిపోయినవారి మీద మోయలేని బరువు పడకూడదన్నదే నా పట్టుదల.

రెండవ ఖుక్రీ గురించి కూడా ఒక మాట. 1989లో సేవలో చేరి అదే పేరును మోసిన క్షిపణి నౌకకు 2021 డిసెంబరు 23న మా విశాఖలోనే వీడ్కోలు పలికారు. 32 ఏళ్ల సేవ తరువాత పతాకాన్ని దించుతున్న వార్త చదివి ఆ సాయంత్రం నేను తీరానికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాను. అక్కడి నుంచి ఏమీ కనపడదని తెలిసీ వెళ్లాను. ఆ నౌకను తరువాత డయ్యూకు తరలించి ప్రదర్శనశాలగా మార్చాలన్న నిర్ణయం చాలా మంచిది. మొదటి ఖుక్రీ మునిగిన నీళ్లకు దగ్గరలో రెండవ ఖుక్రీ నిలబడి ఉండడం కంటే తగిన స్మారకం మరొకటి ఉండదు. అందులో ఒక గదిని సోనార్‌కు కేటాయించమని కోరుతున్నాను. ధ్వని నీటి పొరల మధ్య ఎలా వంగుతుందో పిల్లలు స్వయంగా మీట నొక్కి చూసేలా, ప్రతిధ్వనిని రొదలో నుంచి ఏరడం ఎంత కష్టమో చెవికి పెట్టుకుని వినేలా ఆ గది ఉండాలి. గోడ మీద లెఫ్టినెంట్ జైన్ గీసిన చిత్రపటాల నకలు ఉండాలి. అది కావాలన్నా ముందు ఆ దస్త్రం తెరవాలి. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకాన్ని 2019లో ప్రారంభించినప్పుడు దాని గోడల మీద 25,942 మంది పేర్లు చెక్కారు. పేరు చెక్కడం మొదటి మెట్టు. ఆ పేరు గల మనిషి ఏం చేశాడో పక్కన ఒక్క వాక్యమైనా దొరికితే పేరు మనిషిగా మారుతుంది.

మీ మంత్రిత్వ శాఖ కింద కొచ్చిలో నీటి ధ్వని పరిశోధనశాల, విశాఖలో 1969 నుంచి టార్పెడోల మీద పనిచేస్తున్న ప్రయోగశాల ఉన్నాయి. ఓడల మీద ఉద్యోగం చేస్తూనే తమ పరికరాన్ని తామే బాగుచేసుకోవాలని ఆరాటపడే యువ అధికారులు, నావికులు నేటికీ ఉంటారు. వారిలో ఏటా ఒకరికి, ఈ రెండింటిలో ఏదో ఒక చోట రెండేళ్లు తన ఆలోచనను పరీక్షించుకునే అవకాశాన్ని లెఫ్టినెంట్ జైన్ పేరుతో ఇవ్వవచ్చు. పతకమూ, శాలువా కాకుండా ఒక బల్ల, ఒక ఓసిలోస్కోపు, తగినంత సమయం, సురక్షితమైన నీళ్లు ఇవ్వండి. జైన్‌కు దొరకనివి చివరి రెండే.

డిసెంబరు 9న సెలవు దినమో, పెద్ద ఉత్సవమో చేయమని అడగడం లేదు. ఆ సాయంత్రం విశాఖ, ముంబయి, కొచ్చి నౌకా స్థావరాలలో 194 పేర్లను ఒకసారి పైకి చదివితే చాలు. పది నిమిషాలు పట్టవచ్చు. ఖుక్రీ మునగడానికి అంతకంటే తక్కువ సమయమే పట్టింది.

ఈ లేఖకు నాకు విడిగా జవాబు పంపనక్కరలేదు. నేషనల్ ఆర్కైవ్స్ జాబితాలో ఖుక్రీ పేరుతో ఒక దస్త్రం సంఖ్య కనిపించిన వారంలోనే, మోకాళ్ల నొప్పులున్నా, ఢిల్లీ రైలెక్కుతాను. పఠన మందిరంలో కూర్చుని ఆ పరీక్షల నమోదులున్న పేజీ దగ్గరికి ముందుగా వెళతాను. మొదట ఆ ప్రశ్న వేసిన కుర్రవాడి ఫోను నంబరు నా దగ్గర ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం